ఆపరేషన్ బల్లకు చేరని స్త్రీలనూ లెక్కలోకి తీసుకోండి: అండాశయ కణితుల అంచనా మోడళ్లపై బహిరంగ లేఖ

అండాశయ కణితుల స్వభావాన్ని శస్త్రచికిత్సకు ముందే అంచనా వేసే మెషిన్ లెర్నింగ్ మోడళ్లను (పాత రోగుల వివరాల నుంచి నేర్చుకునే కంప్యూటర్ ప్రోగ్రాంలను) తయారుచేస్తున్న పరిశోధకులకు, ఆ పరిశోధనలను అచ్చువేసే వైద్య పత్రికల సంపాదకులకు, వాటిని ఆసుపత్రుల్లోకి అనుమతించే కమిటీల సభ్యులకు,

నమస్కారం.

నేను అల్ట్రాసౌండ్ గదిలో పనిచేసే వైద్యురాలిని. స్త్రీలకు పొత్తికడుపు స్కాన్లు చేసి, అండాశయం మీద కనిపించిన గడ్డ ఎలాంటిదో రిపోర్టు రాయడం నా రోజువారీ పని. కొన్నేళ్ల క్రితం ఇలాంటి ఒక మోడల్ తయారీ కోసం రోగుల వివరాలను పట్టికలోకి ఎక్కించిన బృందంలో కూడా ఉన్నాను కాబట్టి, అటువైపు పని ఎలా సాగుతుందో కొంత దగ్గరగా చూశాను. మీ పరిశోధనలను వ్యతిరేకించడానికి ఈ లేఖ రాయడం లేదు. అవి నా గదిలోకి వచ్చి నిజంగా ఉపయోగపడాలన్నదే నా కోరిక. అందుకు అడ్డుగా ఉన్న ఒక లోపాన్ని మాత్రం మొదటే చెప్పేస్తాను. మీ మోడళ్లలో చాలావరకు ఆపరేషన్ జరిగిన స్త్రీల వివరాలతోనే నేర్చుకున్నాయి; వాటిని వాడబోయేది మాత్రం, ఆపరేషన్ అవసరమో కాదో ఇంకా తేలని స్త్రీల విషయంలో.

స్కాన్ బల్ల మీద పడుకున్న మనిషి తెర వైపు చూడదు, నా ముఖం వైపు చూస్తుంది. ప్రోబ్ ఒకచోట కాస్త ఎక్కువసేపు ఆగిందంటే ఊపిరి బిగబట్టేస్తుంది. ఆమె అడిగేది ఒకే ప్రశ్న: ఇది క్యాన్సరా, మామూలు గడ్డా? ఆ ప్రశ్న వెనుక మూడు దారులున్నాయి. గడ్డ సాధారణ నీటి తిత్తిలా ఉంటే కొన్నాళ్లు ఆగి మళ్లీ స్కాన్ చేస్తే చాలు. తీయవలసిన గడ్డే అయినా ప్రమాదం లేదనిపిస్తే, ల్యాపరోస్కోపీతో అండాశయాన్ని కాపాడుతూ తిత్తిని మాత్రం ఒలిచి తీయవచ్చు. క్యాన్సర్ అనుమానం బలంగా ఉంటే స్త్రీల క్యాన్సర్లలో ప్రత్యేక శిక్షణ పొందిన సర్జన్ దగ్గరకు పంపాలి. అక్కడ చాలాసార్లు పొట్టను నిలువుగా తెరిచి, గర్భసంచినీ రెండు అండాశయాలనూ పేగుల ముందు వేలాడే కొవ్వు పొరనూ తీసి, వ్యాధి ఎక్కడిదాకా పాకిందో వెతకవలసి వస్తుంది. ఈ మూడు దారుల్లో ఏది పట్టాలో ఆపరేషన్‌కు ముందే నిర్ణయం కావాలి.

రొమ్ములో గడ్డ ఉంటే సూదితో ముక్క తీసి ముందే పరీక్షిస్తాం. అండాశయానికే పరిమితమైనట్టు కనిపించే గడ్డకు ఆ పని చేయము. లోపల ఉన్నది క్యాన్సరే అయితే, ఆ ద్రవం పొట్టలోకి ఒలికి కణాలు చెదిరిపోతాయన్న భయం ఉంటుంది. స్త్రీవైద్య నిపుణుల అంతర్జాతీయ సమాఖ్య ‘ఫిగో’ పేరుతో 2014లో ప్రచురితమైన క్యాన్సర్ దశల విభజనలో ఈ ఒలకడానికి ప్రత్యేకంగా ఒక స్థానమే ఉంది. ఒకే అండాశయానికి పరిమితమై, పైపొర చెక్కుచెదరని క్యాన్సర్ ఒకటి-ఏ దశ. అదే గడ్డ ఆపరేషన్ చేస్తుండగా పగిలితే ఒకటి-సీ-1. ఒక్క క్షణంలో దశ మారుతుంది, ఆ తర్వాత కీమోథెరపీ ఇవ్వాలా వద్దా అన్న ఆలోచన కూడా మారవచ్చు. రోగి బల్ల మీద ఉండగానే ముక్కను గడ్డకట్టించి చూసే ఫ్రోజెన్ సెక్షన్ కొంత సాయపడుతుంది కానీ, మామూలు గడ్డకూ క్యాన్సర్‌కూ మధ్యలో ఉండే బోర్డర్‌లైన్ కణితుల దగ్గర, అందులోనూ జిగురు నిండిన పెద్ద మ్యూసినస్ కణితుల దగ్గర అది తడబడుతుంది. కాబట్టి ముందుగా మన చేతిలో ఉండేవి స్కాన్, రక్త పరీక్ష, వయసు, ఆమె చెప్పిన బాధలు, అంతే. ఇలాంటి చోట యంత్రం సాయం కోరుకోవడంలో తప్పేమీ లేదు.

పొరపాటు ఎటు జరిగినా నష్టం పెద్దదే. క్యాన్సర్‌ను మామూలు తిత్తి అనుకుంటే, ఆ శిక్షణ లేని చేతుల్లో గడ్డ పగలవచ్చు, దశ నిర్ధారణ సగంలో ఆగవచ్చు, కొన్ని వారాలకు రెండో ఆపరేషన్ తప్పకపోవచ్చు. మామూలు తిత్తిని క్యాన్సర్ అనుకుంటే, పిల్లలు కావాలనుకుంటున్న ఒక స్త్రీ అండాశయాలు పోగొట్టుకోవచ్చు, నలభై ఏళ్లయినా నిండకుండానే నెలసరి ఆగిపోయి, దానివల్ల ఎముకలకూ గుండెకూ వచ్చే ఇబ్బందులు మోయవలసి రావచ్చు. ప్రపంచవ్యాప్తంగా 2022లో సుమారు 3,24,000 మందికి కొత్తగా అండాశయ క్యాన్సర్ బయటపడిందని, సుమారు 2,07,000 మంది దానివల్ల చనిపోయారని ప్రపంచ క్యాన్సర్ లెక్కలు కట్టే గ్లోబోకాన్ అంచనా. మామూలు తిత్తులతో స్కాన్ గదికి వచ్చే స్త్రీల సంఖ్య దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ. మోడల్ చెప్పే మాట ఈ రెండు వర్గాలవారికీ తగులుతుంది.

ఈ అంచనా వేయడం మీతో మొదలు కాలేదని యువ పరిశోధకులకు ప్రత్యేకంగా గుర్తుచేయాలనిపిస్తోంది. 1990లో వచ్చిన ఆర్ఎంఐ (క్యాన్సర్ ముప్పు సూచిక) సూత్రం మూడు అంకెల గుణకారం. స్కాన్‌లో అనుమానించదగ్గ లక్షణం ఏదీ లేకపోతే సున్నా, ఒకటి ఉంటే 1, రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే 3. నెలసరి ఇంకా వస్తుంటే 1, ఆగిపోయి ఉంటే 3. ఈ రెంటినీ అండాశయ క్యాన్సర్‌లో తరచు పెరిగే సీఏ-125 అనే ప్రోటీన్ రక్తంలో ఎంత ఉందో ఆ విలువతో గుణిస్తాం. వచ్చిన అంకె 200 దాటితే క్యాన్సర్ నిపుణుల దగ్గరకు పంపాలన్నది వాడుకలోకి వచ్చిన హద్దు. ఇప్పుడు రెండు అండాశయాల్లోనూ చాక్లెట్ సిస్టులు (గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ వల్ల వచ్చే, పాత రక్తం నిండిన తిత్తులు), వాటిలో గదులు గదులుగా అడ్డుగోడలు ఉన్న ఒక యువతిని ఊహించండి. రెండు లక్షణాలు ఉన్నాయి కాబట్టి 3, నెలసరి వస్తోంది కాబట్టి 1, ఎండోమెట్రియోసిస్ వల్ల సీఏ-125 విలువ 120. గుణిస్తే 360. క్యాన్సర్ ఛాయలే లేని మనిషి హద్దును ఎంతగానో దాటిపోయింది. సీఏ-125 ఎండోమెట్రియోసిస్‌లోనే కాక, నెలసరి రోజుల్లో, గర్భంలో, కటి భాగపు ఇన్ఫెక్షన్‌లో, కడుపు క్షయలో, కాలేయం చెడిపోయినప్పుడు కూడా పెరుగుతుంది. అదే సమయంలో మొదటి దశ అండాశయ క్యాన్సర్లలో దాదాపు సగం మందిలో అది పెరగనే పెరగదు. అయినా ఈ సూత్రం ఎన్నో ఏళ్లు పనికొచ్చింది, దాని బలహీనతలు అందరికీ తెలిసినవి కావడమే అందుకు కారణం అనుకుంటాను. ఎక్కడ నమ్మకూడదో తెలిసిన పనిముట్టును జాగ్రత్తగా వాడుకోవచ్చు.

ఆ తర్వాత 1999లో మొదలైన, అండాశయ గడ్డల స్కాన్లను అధ్యయనం చేసే అంతర్జాతీయ ఐయోటా బృందం మాలాంటివారికి ఒక భాష ఇచ్చింది. ఘన భాగం అంటే ఏమిటి, లోపలి గోడ మీద మొలకలా పొడుచుకొచ్చినదాన్ని ఎంత ఎత్తు ఉంటే లెక్కలోకి తీసుకోవాలి, గదులను ఎలా లెక్కపెట్టాలి అన్నవాటికి 2000లో ఉమ్మడి నిర్వచనాలు వచ్చాయి. గోడ మీది ఆ మొలక 3 మిల్లీమీటర్లు ఉంటేనే లెక్క. తెర మీద 2 మిల్లీమీటర్లకూ 3 మిల్లీమీటర్లకూ మధ్య తేడా ఒక కొలత గుర్తు మందం అంత. ప్రోబ్‌ను కాస్త వాల్చి పట్టుకుంటే 2 కాస్తా 3 అవుతుంది. ఆ కొలత మీద నా చేయి ఎప్పుడూ ఒకటికి రెండుసార్లు ఆగుతుంది, ఎందుకంటే ఆ అంకె తర్వాత ఎవరి గదిలో ఏ నిర్ణయంగా మారుతుందో నాకు తెలుసు. అదే బృందం 2014లో యాడ్నెక్స్ మోడల్‌ను ప్రచురించింది. 10 దేశాల్లోని 24 కేంద్రాలకు చెందిన 5,909 మంది స్త్రీల వివరాల నుంచి వచ్చిన మోడల్ అది. అడిగేది తొమ్మిది సంగతులే: వయసు, సీఏ-125, ఆమె వచ్చింది క్యాన్సర్ కేంద్రానికా మామూలు ఆసుపత్రికా అన్నది, స్కాన్ నుంచి గడ్డ గరిష్ఠ కొలత, అందులో ఘన భాగం ఎంత, పదికి మించి గదులున్నాయా, గోడ మీద మొలకలెన్ని, గడ్డ వెనుక నీడ పడుతోందా, పొట్టలో నీరు చేరిందా అన్నవి. ఇచ్చే సమాధానం ‘అవును, కాదు’ అని ఉండదు. మామూలు గడ్డ, బోర్డర్‌లైన్, మొదటి దశ క్యాన్సర్, రెండు నుంచి నాలుగు దశల క్యాన్సర్, వేరే అవయవం నుంచి పాకిన క్యాన్సర్ అనే ఐదింటికీ విడివిడిగా శాతాలు ఇస్తుంది. చికిత్స ఈ ఐదింటిలోనూ ఒకేలా ఉండదు కాబట్టి ఇలా విడదీసి చెప్పడం నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది.

ఇక స్కాన్ చిత్రాన్నే నేరుగా చదివే డీప్ లెర్నింగ్ మోడళ్లు. 2025లో ‘నేచర్ మెడిసిన్’లో వచ్చిన అంతర్జాతీయ అధ్యయనంలో 8 దేశాల్లోని 20 కేంద్రాల నుంచి 3,652 మంది స్త్రీల 17,119 చిత్రాలను తీసుకున్నారు. ఒక్కొక్క కేంద్రాన్ని పక్కన పెట్టి, మిగతావాటి మీద మోడల్‌కు నేర్పి, పక్కన పెట్టినదాని మీద పరీక్షించారు. నిపుణులైన వైద్యులకన్నా కూడా మోడళ్లు మెరుగ్గా నిలిచాయి. చదివినప్పుడు నాకు సంతోషం కలిగింది. అండాశయ స్కాన్లలో నైపుణ్యం సంపాదించడానికి ఏళ్లు పడుతుంది, అలాంటివారు ఎక్కడా సరిపడా లేరు. డెర్మాయిడ్ అనే మామూలు తిత్తిలోని కొవ్వు ముద్దనూ వెంట్రుకల నీడనూ చూసి ఘన భాగమని భయపడే కొత్త వైద్యుడికి పక్కన ఒక తోడు ఉంటే, ఎంతమందికి అనవసరపు పెద్ద ఆపరేషన్ తప్పుతుందో నేను ఊహించగలను. ఒక్కో కేంద్రాన్నీ పూర్తిగా పక్కన పెట్టి పరీక్షించిన ఆ క్రమశిక్షణే ఈ రంగంలో కనీస మర్యాద కావాలని నా అభిప్రాయం.

ఇప్పుడు మొదట చెప్పిన లోపానికి వస్తాను. నేను పనిచేసిన బృందంలో పట్టిక చివరి గడి పాథాలజీ రిపోర్టు. గడ్డను తీసి సూక్ష్మదర్శిని కింద చూసినవారు ఇచ్చిన ఆఖరి మాట అది, దానికి మించిన సాక్ష్యం లేదు. ఆ గడి ఖాళీగా ఉన్న వరుసలు మా పట్టికలో చాలా ఉన్నాయి. ఒక మధ్యాహ్నం ఫిల్టర్ పెట్టి, ఖాళీ వరుసలన్నిటినీ ఎంచి, ఒకేసారి తీసేశాం. ఎవరికీ అభ్యంతరం కనిపించలేదు, నాకూ కనిపించలేదు. ఫలితం తెలియని కేసుతో యంత్రానికి ఏం నేర్పుతాం? ఆ సాయంత్రం స్కాన్ గదికి తిరిగి వచ్చాక, మూడు నెలల తర్వాత మళ్లీ రమ్మన్న ఒక స్త్రీ వచ్చింది. పోయినసారి 6 సెంటీమీటర్లు ఉన్న తిత్తి పూర్తిగా మాయమైంది. అండాశయం మీద చిన్న చిన్న ఫాలికల్స్ (అండాలుండే సహజమైన బుడగలు) తప్ప ఏమీ లేవు. ఆమె వివరాలు రాసుకుంటుంటే తట్టింది: మధ్యాహ్నం మేం తీసేసిన వరుసల్లో ఈమె కూడా ఉంది. తిత్తి తనంతట తానే కరిగిపోయినవారు, అలాగే మార్పు లేకుండా ఉండిపోయి ఏటా చూపించుకుంటున్నవారు, ఆపరేషన్ వద్దని హాయిగా ఇంటికి వెళ్లినవారు అందరూ ఆ వరుసలే. మా మోడల్ దృష్టిలో వారు అసలు లేరు.

వారు ఎంతమంది ఉంటారో ఊహించనవసరం లేదు. స్కాన్‌లో మామూలుగా కనిపించిన గడ్డలను తీయకుండా గమనిస్తూ వెళ్లిన ఐయోటా5 అధ్యయనం 2019లో ‘లాన్సెట్ ఆంకాలజీ’లో వచ్చింది. రెండేళ్లలో సుమారు 20 శాతం గడ్డలు తమంతట తామే కరిగిపోయాయి. క్యాన్సర్‌గా తేలినవి సుమారు 0.4 శాతం, అండాశయం మెలిపడినవి కూడా అంతే. ఆ అధ్యయనంలోని స్త్రీలలో అత్యధికులు పాథాలజీ గది దాకా వెళ్లనే లేదు. ఆపరేషన్ అయినవారి జాబితా మాత్రమే తీసుకుంటే, సర్జన్‌కు ఎంతో కొంత అనుమానం కలిగిన గడ్డలు, బాధ పెట్టిన గడ్డలు, బాగా పెద్దవైన గడ్డలు మిగులుతాయి. అందులో ఉండే మామూలు గడ్డలు కూడా తేలికైన మామూలు గడ్డలు కావు. మోడల్‌కు మామూలు గడ్డ అంటే ఏమిటో ఒక వంకర జాబితాతో నేర్పించి, సరళమైన నీటి తిత్తితో వచ్చిన స్త్రీ ముందు దాన్ని నిలబెడుతున్నాం.

దీన్ని సరిదిద్దవచ్చని ఇప్పటికే చేసి చూపించారు. 2020లో ‘బీఎంజే’లో వచ్చిన అధ్యయనం 17 కేంద్రాల్లోని 4,905 మంది స్త్రీలను, ఆపరేషన్ అయినా కాకపోయినా, కలిపి చూసింది. 2,489 మందికి గడ్డ మామూలుదని, 978 మందికి క్యాన్సర్ స్వభావమున్నదని తేలింది. 1,438 మంది విషయం ఖచ్చితంగా తేలలేదు. ఆ తేలనివారిని చెత్తబుట్టలో వేయకుండా, తెలిసిన వివరాల ఆధారంగా వారి ఫలితాన్ని గణాంక పద్ధతిలో అంచనా కట్టి, ఆ అనిశ్చితిని కూడా లెక్కలోకి తెచ్చారు. అలా పోల్చినప్పుడు పాత ఆర్ఎంఐ అన్నిటికన్నా వెనకబడింది, యాడ్నెక్స్ ముందు వరుసలో నిలిచింది. కష్టమైన పని, ఓపిక కావలసిన పని. రోగి రెండోసారి, మూడోసారి వచ్చేదాకా ఆగాలి. పరిశోధక మిత్రులారా, త్వరగా ఒక వ్యాసం రావాలన్న ఒత్తిడి నాకు తెలియనిది కాదు, అయినా ఈ ఓపికను మీ నుంచి అడుగుతున్నాను.

అంకెల్లో ఈ తేడా ఎంత పెద్దదో ఒక చిన్న లెక్కతో చూపిస్తాను. క్యాన్సర్ ఉన్నవారిలో 90 శాతాన్ని పట్టుకుని, లేనివారిలో 90 శాతాన్ని సరిగ్గా వదిలేసే మోడల్ ఒకటి ఉందనుకుందాం. నేర్పిన పట్టికలో సగం మంది క్యాన్సర్ రోగులైతే, అది ‘క్యాన్సర్’ అన్న ప్రతి 100 మందిలో 90 మందికి నిజంగా క్యాన్సర్ ఉంటుంది. అదే మోడల్‌ను 1,000 మందిలో 50 మందికి మాత్రమే క్యాన్సర్ ఉన్న చోట పెట్టండి. 50 మందిలో 45 మందిని పట్టుకుంటుంది, మిగతా 950 మందిలో 95 మందిని ఊరికే భయపెడుతుంది. మొత్తం 140 మందికి ‘క్యాన్సర్’ అని చెబితే నిజం 45 మంది విషయంలోనే, అంటే మూడోవంతుకన్నా తక్కువ. మోడల్‌లో ఒక్క అక్షరం మారలేదు, ఎదుట కూర్చున్న మనుషులు మారారు. 2020లో 349 మంది రోగుల 49 కొలతలతో ప్రచురితమైన ఒక పట్టిక అందరికీ అందుబాటులో ఉండటంతో ఎంతోమంది దానిమీద కొత్త కొత్త పద్ధతులు ప్రయత్నిస్తున్నారు. దానిలో 171 మంది క్యాన్సర్ రోగులు, 178 మంది మామూలు కణితులవారు. వివరాలను బహిరంగంగా పంచుకున్నవారికి నేను కృతజ్ఞురాలిని. కానీ సగానికి సగం ఉన్న ఆ చిన్న పట్టిక మీద వచ్చిన అంకెను, ఎక్కడో ఒక మామూలు ఆసుపత్రిలో మోడల్ ఎలా పనిచేస్తుందో చెప్పే అంకెగా రాయకండి.

నా ఎదురుగా ఉన్న స్త్రీకి కావలసింది వంద మందిలో మోడల్ ఎంతమందిని సరిగ్గా విడదీసిందన్న గొప్ప అంకె కాదు. ఆమెకు చెప్పిన 20 శాతం నిజంగా 20 శాతమేనా అన్నది కావాలి. 20 శాతం అని చెప్పిన వంద మందిని పోగుచేస్తే వారిలో దాదాపు ఇరవై మందికే క్యాన్సర్ ఉండాలి. ఐదుగురికో యాభై మందికో ఉంటే ఆ అంకె అబద్ధం. గణాంకవేత్తలు కాలిబ్రేషన్ అని పిలిచే ఈ పరీక్ష గురించి ఒక్క వాక్యం కూడా లేని వ్యాసాలు నేను ఎన్నో చదివాను. పైగా తక్కువగా ఉన్న క్యాన్సర్ కేసులను కృత్రిమంగా పెంచి రెండు వైపులా సమానం చేసి నేర్పితే, మోడల్ ఇచ్చే శాతాలన్నీ పైకి లేచిపోతాయి. దాన్ని తిరిగి సరిదిద్దకుండా తెర మీద చూపిస్తే, ఆ శాతాన్ని నమ్మి పెద్ద ఆపరేషన్‌కు ఒప్పుకునేది మీరూ నేనూ కాదు.

బోర్డర్‌లైన్ కణితుల గురించి కూడా మొహమాటం లేకుండా చెప్పాలి. మామూలు గడ్డకూ పాకే క్యాన్సర్‌కూ మధ్యలో ఉండే ఈ కణితులు ఎక్కువగా చిన్న వయసు స్త్రీలలో కనిపిస్తాయి, వాటికి అండాశయాన్ని కాపాడే ఆపరేషన్ చేసే అవకాశం తరచు ఉంటుంది. స్కాన్‌లో వాటిని గుర్తుపట్టడం మాకే కష్టం. చాలామంది పరిశోధకులు వాటిని పట్టికలోంచి తొలగిస్తారు, లేదా ఏదో ఒక పక్కకు నెట్టేస్తారు. అప్పుడు మోడల్ ఎంతో తేటగా విడదీస్తున్నట్టు కనిపిస్తుంది. మాకు సాయం కావలసిందే అక్కడ. తేలికైన కేసుల్లో యంత్రం నాతో ఏకీభవిస్తే నాకు ఒరిగేదేమీ లేదు. గర్భిణుల చాక్లెట్ సిస్టులూ అంతే: గర్భం వల్ల లోపలి గోడ మీద మొలకలు లేచి, రక్తప్రసరణ పెరిగి, అచ్చం క్యాన్సర్‌లా కనిపించవచ్చు. ఇరవై ఏళ్లలోపు అమ్మాయిల్లో వచ్చే, అండాలుగా మారే కణాల నుంచి పుట్టే జెర్మ్ సెల్ కణితులకు చూడవలసిన రక్త పరీక్షలే వేరు. ఏఎఫ్‌పీ, ఎల్‌డీహెచ్, బీటా హెచ్‌సీజీ పట్టికలోనే లేనప్పుడు మోడల్‌ను వారి దగ్గరకు తీసుకురాకూడదని స్పష్టంగా రాయండి.

మోడళ్లు తప్పుడు ఆధారాలు పట్టుకునే తీరు కూడా నేను కళ్లారా చూశాను. గడ్డ అనుమానంగా ఉంటే నేను ఎక్కువ కొలతలు తీసుకుంటాను, రక్తప్రసరణను చూపే రంగుల డాప్లర్ పెట్టెను ఆన్ చేస్తాను. ఆ చిత్రంలో చిన్న ప్లస్ గుర్తులు, వాటి మధ్య చుక్కల గీత, మూలన అంకెలు మిగిలిపోతాయి. మోడల్ గడ్డను చూసి నేర్చుకుందో, గడ్డ చుట్టూ నేను వదిలిన నా అనుమానపు గుర్తులను చూసి నేర్చుకుందో విడదీయకపోతే, అది నా అభిప్రాయాన్నే నాకు తిప్పి చెబుతుంది. మా పట్టికలో సీఏ-125 గడి ఖాళీగా ఉన్నవారంతా దాదాపు మామూలు గడ్డలవారే, ఎందుకంటే అనుమానం లేనివారికి డాక్టర్లు ఆ పరీక్షే రాయలేదు. ఖాళీ గడి ఉంటే మామూలు గడ్డ అని మోడల్ చక్కగా నేర్చుకుంది. గడ్డ ఉన్న ప్రతివారికీ ఆ పరీక్ష చేయించే ఆసుపత్రిలో ఆ తెలివి ఒక్కరోజు కూడా నిలవదు. ఇక ఒకే స్త్రీకి చెందిన పది చిత్రాల్లో ఏడింటిని నేర్పడానికీ మూడింటిని పరీక్షించడానికీ వాడటం ఇంకా ఆగలేదు. విడదీయవలసింది చిత్రాలను కాదు, మనుషులను, వీలైతే ఆసుపత్రులను.

సంపాదకులకు నా విన్నపం. 2024లో వచ్చిన ట్రైపాడ్ ప్లస్ ఏఐ మార్గదర్శకాలు ఇలాంటి వ్యాసంలో ఏమేం రాయాలో వివరంగా చెబుతున్నాయి. వాటి జాబితాను రచయితలు నింపి పంపే కాగితంగా మాత్రమే చూడకుండా, సమీక్షకులు ఒక్కో గడినీ వ్యాసంతో పోల్చి చూసేలా చేయండి. ఎవరిని పట్టికలోంచి తీసేశారో, ఎంతమందిని, ఏ కారణంతో అన్నది మొదటి పేజీలోనే కనిపించాలి. కొత్త మోడల్‌ను యాడ్నెక్స్‌తోనో, స్కాన్ లక్షణాలతో ఐయోటా బృందం రూపొందించిన సరళ నియమాలతోనో అదే రోగుల మీద పోల్చి చూపని వ్యాసాన్ని వెనక్కి పంపండి. తొమ్మిది ప్రశ్నల పాత మోడల్ చేయగలిగిన పనినే కొత్తది చేస్తుంటే, కొత్తదాని అవసరం ఏమిటో రచయితలే చెప్పాలి. ఆ మోడల్ వాడితే నిర్ణయాలు ఎంతమందికి మేలుగా మారతాయో చూపే డెసిషన్ కర్వ్ విశ్లేషణ కూడా అడగండి.

కమిటీల సభ్యులకు చెప్పవలసింది కొంచెమే. అమ్మకానికి వచ్చిన మోడల్‌ను వెంటనే వైద్యుల తెర మీద పెట్టకండి. మీ ఆసుపత్రిలో, మీ స్కాన్ మిషన్ల మీద, దాని సమాధానం ఎవరికీ కనిపించకుండా కొంతకాలం నడపండి. సరిపడినన్ని క్యాన్సర్ కేసులు వచ్చాక, అది చెప్పిన శాతాలను నిజంగా తేలిన ఫలితాలతో పోల్చండి. ఏ బాధా లేని స్త్రీలందరికీ స్క్రీనింగ్‌లా దీన్ని వాడదామన్న ఆలోచన ఎవరైనా తెస్తే ఒప్పుకోకండి. 2,00,000 మందికి పైగా స్త్రీలతో బ్రిటన్‌లో జరిగిన యూకేసీటాక్స్ అధ్యయనం 2021లో తుది ఫలితాలు ప్రకటించింది; సీఏ-125, స్కాన్‌లతో చేసిన స్క్రీనింగ్ అండాశయ క్యాన్సర్ మరణాలను తగ్గించలేదు. గడ్డ కనిపించిన స్త్రీకి దారి చూపడం వేరు, గడ్డే లేని స్త్రీలో దాన్ని వెతకడం వేరు.

చివరగా పరిశోధకులకే మరొక మాట. మీకు కావలసిన ఆ కనిపించని స్త్రీలు ఎక్కడికీ పోలేదు. ప్రతి స్కాన్ విభాగంలో ‘మూడు నెలల తర్వాత మళ్లీ రావాలి’ అని రాసి పంపినవారి జాబితా ఉంటుంది. వారిలో తిరిగి వచ్చినవారి రెండో స్కాన్, మూడో స్కాన్ తేదీలతో సహా మా దగ్గరే ఉన్నాయి. పాథాలజీ విభాగానికి ఉత్తరం రాసినట్టే మాకూ రాయండి. అనుమతులు తీసుకుని, పేర్లు తొలగించి, ఆ వరుసలను మీ పట్టికలోకి తిరిగి చేర్చడానికి కావలసిన సమయం మేం ఇస్తాం. నేను మొదట చేయబోయే పని, ఆ మధ్యాహ్నం ఫిల్టర్ పెట్టి తీసేసిన వరుసలను పాత రికార్డుల్లోంచి ఒక్కొక్కటిగా మళ్లీ వెతికి తీయడం.

ఇట్లు,
అండాశయ స్కాన్లు చదివే ఒక వైద్యురాలు